నీలం చీర మీద సకినాలు

భోగి ఇంకా మూడు రోజులుందనగా, ఆదివారం పదిన్నరకు, మా అపార్ట్‌మెంట్ డాబా మీద చాపలేసి వాటి మీద ఉతికిన తెల్ల పంచె పరిచాను. నీళ్ల ట్యాంకు నీడ పక్కకు జరిగి ఎండ చాపల మీదికి వచ్చింది. అమ్మ చిన్న గౌరమ్మను చేసి ఒక మూలన పెట్టి, పసుపు కుంకుమ అద్ది, దండం పెట్టుకుని పిండి ముద్ద చేతిలోకి తీసుకుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి మెలితిరుగుతూ సన్నటి తాడులా దిగి ఒక చుట్టు పూర్తయింది. రెండో చుట్టు సగంలో ఆగిపోయింది. పంచెను వేలితో తడుముతూ, "ఈ పంచె తీసెయ్ బిడ్డా. నీ పాత నీలం చీర ఏదన్నుంటే తెచ్చి పరువు" అంది.

ఎందుకమ్మా అంటే, "ఊకెనే. దాని మీదైతే మంచిగ కనవడ్తది" అంది.

చీర కోసం కిందికి దిగి, బీరువాలో పాత నేత చీర వెతికి, మళ్లీ పైకి వచ్చేదాకా నాకేమీ తట్టలేదు. నీలం చీర మీద అమ్మ చేయి మళ్లీ ఎప్పటిలా నడిచింది. నాలుగు చుట్లు, ఎక్కడా తెగకుండా. పక్కకు తీసిన పంచె వైపు చూశాను. దాని మీద మిగిలిపోయిన ఆ ఒక్క సకినంలో రెండో చుట్టు మొదటి చుట్టు మీదికి ఎక్కి కూర్చుంది. అప్పుడు అర్థమైంది. తెల్ల గుడ్డ మీద తెల్ల పిండి ఆమెకు కనబడటం లేదు. పెళ్లయిన ఏడు నుంచి ప్రతి సంక్రాంతికీ తెల్ల పంచె మీదే చుట్టిన మనిషి ఆమె.

దసరాకు వచ్చి వెళ్లినప్పటి నుంచి అమ్మతో రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు వీడియో కాల్‌లో మాట్లాడుతూనే ఉన్నాను. ఒక్క రోజు కూడా తప్పలేదు. "తిన్నవా?" "తిన్న." "గోలీలు ఏసుకున్నవా?" "ఏసుకున్న." "అంతా మంచిదేనా?" "అంతా మంచిదే బిడ్డా, నువ్వు పైలం." మూడు నెలలు ఇదే మాట. రోజూ ఆమె ముఖం నా అరచేతిలో చూశాను. ఆ కళ్లలో పొర ముదురుతోందన్న సంగతి మాత్రం తెలుసుకోలేకపోయాను.

పండగ అయిన మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. రెండు కళ్లలోనూ శుక్లం ఉంది, కుడికంటిది బాగా ముదిరింది అన్నారు. నేను నీలం చీర సంగతి చెబితే డాక్టరమ్మ ఆశ్చర్యపోలేదు. కంట్లో లెన్సు మసకబారితే చూపు మందగించడమే కాదు, ఒక రంగుకూ ఇంకో రంగుకూ మధ్య తేడా కూడా పలచబడుతుందట. తెల్ల పళ్లెంలో అన్నం, బూడిదరంగు మెట్ల అంచులు, పంచె మీద పిండి, ఇవన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయట. మెట్ల మాట వినగానే నా గుండె జారింది. జనగామలో మా ఇంటి వెనక బావి దగ్గర నాలుగు సిమెంటు మెట్లున్నాయి. అమ్మ రోజూ చీకట్లో అవి దిగుతుంది.

ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే, "చెప్తే ఏమొస్తది? నీకు ఆఫీసు, పిల్లకు పరీక్షలు. అద్దాలు పాతవైనయేమో అనుకున్న" అంది. ఆ అద్దాలు 2023లో ప్రభుత్వ కంటి వెలుగు పథకం రెండో విడతలో ఊళ్లో శిబిరం పెట్టినప్పుడు ఇచ్చినవి. అద్దాలు తుడిచి తుడిచి పెట్టుకుంటూ ఏడాది గడిపేసింది.

ఈ చలికాలం నాకు నేర్పిన సంగతి రాసి పెట్టాలనిపించి కూర్చున్నాను. మనవాళ్లు ఎలా ఉన్నారో అడిగితే తెలియదు. కలిసి ఏదో ఒక పని చేస్తే తెలుస్తుంది. "బాగున్నవా" అన్న ప్రశ్నకు మన దగ్గర జవాబు ముందే తయారుగా ఉంటుంది. అడిగేవాళ్లకూ తెలుసు, చెప్పేవాళ్లకూ తెలుసు. చేతిలో పని పెట్టి పక్కన కూర్చుంటే ఆ జవాబుతో అవసరం పడదు. చేయే చెబుతుంది. చేయి చెప్పనిది, కళ్లు పని మీద ఉన్నప్పుడు నోరు చెబుతుంది. ఎదురుగా ముఖంలో ముఖం పెట్టి చూస్తే మనిషికి మాట రాదు. ఇద్దరూ తల వంచుకుని పిండి తిప్పుతుంటే, మూడేళ్లుగా కడుపులో దాచుకున్నది కూడా మెల్లగా బయటికి వస్తుంది.

ఇది మా ఇంటి ముచ్చట ఒక్కటే కాదు. అదే డాబా మీద, అదే రోజు ఇంకొకటి జరిగింది. దాన్ని రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది కానీ రాయాలి.

మాది ఉప్పల్ వైపు ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. ముప్పై ఇళ్లు. రెండో అంతస్తులో తెనాలి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దవాళ్లు ఉంటారు. ఆయన లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మా అమ్మాయికి తొమ్మిదో తరగతిలో త్రికోణమితి ఆయనే చెప్పారు. ఆవిడను నేను పెద్దమ్మా అని పిలుస్తాను. ప్రతి సంక్రాంతికీ వాళ్లు వారం ముందే ఊరికి బయల్దేరతారు. పండగ ముందు రెండు రోజులు చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేట్ దాటడానికే గంటలు పడుతుందని, ఆ రద్దీ తగలకుండా పోవాలని మాస్టారి పట్టుదల. ఈసారి పండగ నాలుగు రోజుల్లోకి వచ్చినా పెద్దమ్మ ఇక్కడే ఉంది. నేను సకినాలకు పిలిస్తే వచ్చింది. ఆవిడకు అరిసెల పాకం కొట్టిన పిండి కానీ సకినం చుట్టడం రాదు. అమ్మ పక్కన కూర్చుని నేర్చుకుంటోంది. పిండి తెగుతోంది, మళ్లీ ముద్ద చేసుకుంటోంది.

"ఈసారి ఊరికి పోతలేరా పెద్దమ్మా?" అని అడిగాను. ఊరికే, మాట కలపడానికి అడిగాను.

ఆవిడ తల ఎత్తలేదు. "మీ పెదనాన్నగారికి ప్రయాణం వద్దన్నారమ్మా డాక్టర్లు. రెండు స్టెంట్లు వేశారుగా" అంది.

డిసెంబరు రెండో వారంలోనట. రాత్రి పదకొండింటికి ఛాతీలో నొప్పి వస్తే వాచ్‌మన్ ఆటో పిలిచాడట. కొడుకు అమెరికాలో. కూతురు విశాఖ నుంచి మర్నాటి సాయంత్రానికి వచ్చింది. ఆ రాత్రంతా పెద్దమ్మ ఒక్కతే ఆసుపత్రి వరండాలో ఇనుప కుర్చీలో కూర్చుంది, స్వెట్టర్ కూడా లేకుండా. తర్వాత కూతురు ఆయన దగ్గర ఉంటే, ఆవిడ ఐదు రోజులు పొద్దునా సాయంత్రం ఇంట్లో జావ కాచుకుని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఆటోలో వెళ్లి వచ్చింది. లిఫ్టులో నేను రెండుసార్లు ఎదురయ్యానట. "నువ్వు కంగారుగా వెళ్తున్నావు, ఎందుకులే అని ఊరుకున్నానమ్మా" అంది.

డాబా మీద ఎవరికీ నోట మాట రాలేదు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ముప్పై ఇళ్ల వాళ్లం ఉన్నాం. ఆ రాత్రి గడిచి తెల్లారాక కూడా అందులో పూల బొమ్మలతో శుభోదయాలు వచ్చే ఉంటాయి. తర్వాత వెతికి చూశాను. వచ్చాయి. వాటిలో నాది కూడా ఒకటుంది. ట్యాంకరు ఎప్పుడొస్తుంది, ఎవరి బండి ఎవరి స్థలంలో పెట్టారు, మెయింటెనెన్స్ ఎవరు కట్టలేదు, ఇవన్నీ ఉన్నాయి. కింద రెండో అంతస్తులో ఒక ప్రాణం దాదాపు పోయి వచ్చిందన్న మాట లేదు. ఎవరూ దాచలేదు. చెప్పుకునే చోటు లేదు, అంతే. అంతమంది చూసే చోట ఏ ఇల్లాలు రాస్తుంది, మా ఆయనకు గుండెనొప్పి, నాకు భయమేస్తోంది అని? ఆ మాట పక్కన ఒక మనిషి ఉంటేనే వస్తుంది. చేతిలో పిండి ఉంటే ఇంకాస్త సులువుగా వస్తుంది.

దీనికి అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు వేస్తున్న మందు గెట్‌టుగెదర్. మా దగ్గర డిసెంబరు 31 రాత్రి సెల్లార్‌లో పెట్టారు. తలా కొంత డబ్బు వేసుకున్నాం, క్యాటరింగ్ వాళ్లు వచ్చి బల్లలు వేసి వడ్డించారు, పెద్ద స్పీకర్లు పెట్టారు, పిల్లలు డ్యాన్స్ చేశారు, పన్నెండింటికి కేకు కోశారు. పిల్లలు సంతోషపడ్డారు, అది నిజం. మాస్టారూ పెద్దమ్మా కూడా కాసేపు కిందికి వచ్చి కుర్చీల్లో కూర్చుని వెళ్లారట. అంటే స్టెంట్లు వేసిన మూడు వారాలలోపు ఆయన మా మధ్యే కూర్చున్నారు. మేమందరం ప్లేట్లు పట్టుకుని ఆయన ముందు నుంచి నడిచాం, "హ్యాపీ న్యూ ఇయర్ సార్" అన్నాం. చేతిలో ప్లేటు, చెవుల్లో పాట, మొహాన నవ్వు ఉన్నచోట ఎవరైనా ఎలా చెబుతారు? పని అంతా డబ్బిచ్చి బయటివాళ్లకు అప్పజెప్పాక మనకు మిగిలేది నిలబడి తినడమే. పిలిచి వడ్డించే విందు తప్పని నేను అనను. దాంతో ఇరుగుపొరుగు సంగతులు తెలుస్తాయనుకుంటే మాత్రం పొరపాటు.

పనులు కలిసి చేసుకోవడానికి హైదరాబాద్‌కు చలికాలాన్ని మించిన కాలం లేదు. దక్కన్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి ఐదు వందల మీటర్ల పైన ఉన్న ఊరు కాబట్టి డిసెంబరు, జనవరి రాత్రులు పన్నెండు డిగ్రీలకు, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు ఇంకా కిందికి దిగుతాయి. పగలు మాత్రం పొడి ఎండ. ఎండాకాలం ఎనిమిది దాటితే డాబా మీద అడుగు పెట్టలేం. వానాకాలం పరిచింది ఏదీ ఆరదు. ఈ రెండు నెలలే మనిషి ఎండలో కూర్చోవాలని కోరుకునే నెలలు. పనులన్నీ కూడా అప్పుడే వస్తాయి. కొత్త బియ్యం వస్తాయి. అనపకాయలు, పచ్చి శనగ కట్టలు, గెనుసుగడ్డలు బండ్ల మీదికి వస్తాయి. అనపకాయలు కిలో కొంటే ఒలిచేసరికి గుప్పెడు గింజలే. ఒక్కతే కూర్చుని ఒలిస్తే విసుగు, ఇద్దరు కూర్చుంటే కబుర్లు అయిపోయేలోపు గిన్నె నిండుతుంది. ధనుర్మాసంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి ఆదివారాలు ఖాళీగా ఉంటాయి.

నుమాయిష్, అదే నాంపల్లి ఎగ్జిబిషన్, కూడా ఈ లెక్కలోకే వస్తుందని నా నమ్మకం. 1938లో బాగే ఆమ్‌లో, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946 నుంచి నాంపల్లి మైదానంలో జరుగుతోంది. మామూలుగా ఏటా జనవరి 1న తెరిచి నెలన్నర ఉంచుతారు. ఇవాళ అక్కడ దొరికేవన్నీ ఫోన్‌లో నొక్కితే ఇంటికి వస్తాయి, ఇంకా ఎందుకు వెళ్లడం అని మా అమ్మాయి అడిగింది. ఈసారి నేనూ మా ఆడబిడ్డా ఇద్దరమే వెళ్లాం. గాంధీభవన్ మెట్రో స్టేషన్‌లో దిగి లోపలికి వెళితే నాలుగు గంటలు నడక. కాశ్మీరు శాలువాల దగ్గర బేరం, దుప్పట్ల దగ్గర బేరం, ఊరగాయ జాడీ పగలకుండా ఒకరి తర్వాత ఒకరం మోయడం. ఐదేళ్లుగా పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో కలుస్తూనే ఉన్నాం, ఒక్కసారీ తను ఉద్యోగం మానేయాలనుకుంటున్నట్టు నాతో అనలేదు. జాడీ నా చేతిలోంచి తన చేతిలోకి తీసుకుంటూ అంది. అక్కడే ఒక పక్కకు నిలబడి అరగంట మాట్లాడుకున్నాం. మా మధ్య ఉన్న ఒక పాత మనస్పర్థ కూడా ఆ అరగంటలో పోయింది, దాని వివరం ఇక్కడ అక్కర్లేదు.

నా మాటకు ఎదురుగా వచ్చే ప్రశ్నల్లో అన్నిటికంటే బరువైనది నాకు తెలుసు. కలిసి పని చేయడం అంటున్నావు, ఆ పని చేసేది ఎవరు? ఆడవాళ్లే కదా? అమ్మమ్మల నడుములు విరిగింది ఈ సకినాల దగ్గరే కదా? దీన్ని పక్కకు తోసి ముందుకు పోలేను. మా నాన్నమ్మ బియ్యం రోట్లో దంచి పిండి పట్టేది. మా అమ్మ పెళ్లయిన కొత్తలో కూతుళ్లకూ ఆడబిడ్డలకూ సారె పెట్టాలని రెండు కుంచాల బియ్యంతో సకినాలు చేసేవారట. రాత్రి పదకొండింటికి పొయ్యి ఆర్పి, మళ్లీ తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు. మగవాళ్లు అరుగు మీద కూర్చుని వేడివి తెప్పించుకుని రుచి చూసి ఉప్పు తక్కువైందనేవారు. ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరుకోవడం లేదు. ఆ పనిలో కబుర్లు ఉండేవి, సాంత్వన ఉండేది, అది నిజం. నొప్పీ ఉండేది, వద్దనే వీలు లేకపోవడమూ ఉండేది.

అందుకే ఈసారి నేను ఒక నియమం పెట్టాను. డాబా మీదికి వచ్చేవాళ్లు ఎవరైనా కూర్చుని చుట్టాలి, లేదా పొయ్యి దగ్గర నిలబడాలి. మగవాళ్లకు చేతకాదన్న మాట నేను ఒప్పుకోను. మా కాలనీలో ప్రతి కార్తీకంలో, మార్గశిరంలో అయ్యప్ప స్వాములను చూడండి. నలభై ఒక్క రోజుల దీక్షలో తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, సాయంత్రం భజన. పడిపూజ నాడు గంపలకొద్దీ కూరగాయలు తరిగేది వాళ్లే, పెద్ద గిన్నెల్లో సాంబారు కలిపేది వాళ్లే, విస్తళ్లు వేసి వంగి వంగి వడ్డించేది వాళ్లే. మా ఆయన రెండేళ్ల కింద మాల వేసినప్పుడు వంద మందికి భిక్ష వండిన చోట గుమ్మడికాయ ముక్కలు కోశారు. ఆ నలభై ఒక్క రోజుల్లో ఆయనకు కాలనీలో దొరికిన స్నేహాలు, ఇక్కడి పదేళ్ల కాపురంలో దొరకలేదు. ఎవరి కొడుక్కు ఉద్యోగం పోయింది, ఎవరి తండ్రికి మతిమరుపు మొదలైంది, అన్నీ ఆయన ఇంటికి వచ్చి చెప్పేవారు. కూరగాయలు తరిగే దగ్గర తెలిసిన సంగతులు అవన్నీ. దేవుడి పేరు మీద చేయగలిగిన పని ఇంటి పేరు మీద ఎందుకు చేయలేరు?

చేశారు. మా ఆయనా, నాలుగో అంతస్తు అబ్బాయీ మూకుడు దగ్గర నిలబడ్డారు. సకినాలు వేయించడం తేలిక పని కాదు. గుడ్డ మీద తడి సరిగ్గా లాగకపోతే నూనెలో పేలుతాయి, ఒంటి మీద పడితే బొబ్బలే. అమ్మ ప్రతి వాయికీ ముందు వేలి కొసతో తాకి చూసి, "ఇది ఆరింది, గిది ఇంకా ఆరాలె" అని చెబితే వాళ్లు పళ్లెం మీదికి జరిపి నూనెలోకి జార్చారు. ఆరు కిలోల బియ్యం పిండి నాలుగింటికల్లా అయిపోయింది. ఎవరి నడుమూ విరగలేదు. తొమ్మిది మందిమి ఉన్నాం మరి.

ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. ఊళ్లో సకినాలకు పిలిచేది వాడకట్టు వాళ్లనే. వాడకట్టు అంటే కులమే. పిండి ముట్టుకోవడానికి ఎవరు పనికి వస్తారు, ఎవరు రారు అన్న లెక్క చాలా గట్టిగా ఉండేది. పాతకాలంలో అందరూ కలిసి ఉండేవారు అని రాసేవాళ్లు ఆ అందరూ ఎవరో రాయరు. కార్తీక వనభోజనాలు ఇప్పటికీ నగరంలో కులాల వారీగా జరుగుతున్నాయి. ఉసిరి చెట్టు కింద కూర్చోవడానికి కులం పేరుతో బ్యానరు ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు. డాబా మీద మాతో మూడో అంతస్తు ముస్లింల ఇంటి ఆపా కూడా ఉంది. ఆవిడను నేను పిలిచానని తెలిసినప్పుడు అమ్మ ముందు రోజు రాత్రి నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి, "గౌరమ్మను పెట్టేదాని దగ్గర..." అని ఆగింది. నేనేమీ అనలేదు. తర్వాతి మాట ఆమే అనలేదు. మర్నాడు ఆపా వచ్చి, చెప్పులు మెట్ల దగ్గర విడిచి, అమ్మ ఎదురుగా కూర్చుని, "నాకు చిన్నప్పుడు ములుగులో పక్కింటి అవ్వ నేర్పింది" అని పిండి తీసుకుంది. ఐదు చుట్లు తిప్పింది. అమ్మ ఆ సకినాన్ని చాలాసేపు చూసి, "మా దాంట్ల నాలుగే. నీది పెద్దిల్లు లెక్క ఉన్నది" అంది. మధ్యాహ్నానికి ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి, ఏ నూనె రాస్తే తగ్గుతుందో మాట్లాడుకుంటున్నారు.

కొనుక్కుంటే పోయేదానికి ఇంత దూరం ఎందుకు అంటారు. కొనుక్కోండి. ఇవాళ హైదరాబాద్‌లో ఏ గల్లీలో చూసినా పిండివంటల దుకాణం ఉంది. వాటిలో చాలా మటుకు ఆడవాళ్లు తమ కాళ్ల మీద తాము నిలబడటానికి పెట్టుకున్నవే, రుచి కూడా బాగుంటుంది. నేను కూడా గరిజెలు కొన్నాను. నేను అడుగుతున్నది ఏడాదికి ఒక పని. ఏదైనా ఒకటి, డబ్బిచ్చి తప్పించుకోకుండా, నలుగురం కూర్చుని చేసుకునేది. సకినాలే కానక్కర్లేదు. అనపకాయలు ఒలవండి, పిల్లలకు గాలిపటాలకు తోకలు అంటించండి, డాబా మీద మొక్కల కుండీల్లో మట్టి మార్చండి. షిఫ్టు ఉద్యోగాల వాళ్లకు ఆదివారం ఉండకపోవచ్చు. నాలుగో అంతస్తు అబ్బాయి రాత్రి డ్యూటీ చేసి వచ్చి రెండు గంటలు పడుకుని డాబా మీదికి వచ్చాడు, మూకుడు దగ్గర ఒక గంట నిలబడి వెళ్లి పడుకున్నాడు. ఆ గంట చాలు.

ఆ తర్వాత సంగతులు తొందరగా చెప్పేస్తాను. మాస్టారిని చెకప్‌కు తీసుకెళ్లడం ఇప్పుడు మా ఆయనా, ఆ అబ్బాయీ వంతులు వేసుకున్నారు. పెద్దమ్మ కనుమ వెళ్లిన ఆదివారం మమ్మల్ని అరిసెలకు పిలిచింది. పాకం చుక్క నీళ్లలో వేసి వేళ్లతో ఉండ చేసి చూపించింది, నాకు రెండుసార్లు ముదిరిపోయింది. అమ్మకు జనవరి చివర్లో కుడికంటికి ఆపరేషన్ అయింది. అదే వారం మేడారం జాతర. రెండేళ్లకోసారి తప్పకుండా వెళ్లే మనిషి, కంటికి దుమ్ము తగలకూడదని ఆగిపోయింది. మంచం మీద నల్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఒకటే బాధ. ములుగులో ఆపా వాళ్ల పక్కింటివాళ్లు జాతరకు వెళ్లి బంగారం, అదే అమ్మవార్లకు పెట్టిన బెల్లం, తెచ్చి పంపితే, ఆపా దాన్ని పట్టుకొచ్చి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ కళ్లకద్దుకోబోయి, డాక్టరు మాట గుర్తొచ్చి నుదుటికి తాకించుకుంది. ఫిబ్రవరిలో రంజాన్ మొదలైంది. మొదటి శుక్రవారం ఇఫ్తారుకు పండ్లు కోయడానికి ఆపా ఇంటికి నేనూ పెద్దమ్మా వెళ్లాం. బొప్పాయి చెక్కు తీస్తూ ఆపా వాళ్ల పెద్దమ్మాయి సంబంధం సంగతి చెప్పింది. అది నేను ఇక్కడ రాయను, అది కత్తిపీట దగ్గరి మాట.

దూరాన ఉన్నవాళ్ల సంగతేమిటని పెద్దమ్మ కొడుకు ఫోన్‌లో అడిగాడట. వాళ్ల నాన్నకు ఇంత జరిగితే ఐదు రోజుల దాకా తనకు కూడా పూర్తిగా చెప్పలేదని అతని బాధ. నేను అమ్మతో ఇప్పుడు చేస్తున్నదే అతనికీ చెప్పాను. అమ్మ ఫిబ్రవరి చివర జనగామ వెళ్లిపోయింది. రాత్రి ఎనిమిదిన్నర కాల్ మానేశాం. దాని బదులు ఆదివారం పొద్దున ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించి పెట్టుకుంటుంది, ముఖం కాదు, చేతులు కనబడేలా. నేనూ ఇక్కడ అలాగే పెట్టుకుంటాను. గంటసేపు ఎవరి పని వాళ్లం చేసుకుంటాం.

మొన్న ఆదివారం కొత్త చింతపండు గింజ తీస్తోంది. కింద బండ, చేతిలో చిన్న సుత్తి, టక్కు టక్కుమని దెబ్బ. గింజ ఒక పక్కకు, పండు ఒక పక్కకు. నేను ఇక్కడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. చింతపండు కింద ఏం పరిచావమ్మా అని అడిగాను.

"నీ నీలం చీరనే" అంది. కాసేపు దెబ్బలు. "ఎడమకన్ను సుత ఇగ చేపించుకోవాలె బిడ్డా. ఉగాది అయినంక వస్త."

అడగకుండానే చెప్పింది. సుత్తి మళ్లీ మొదలైంది.